చెంప మీది వెలుగు

పాత అమెరికన్ వెండి డాలరును చూడటానికి ట్యూబులైటు పనికిరాదు. ఒక్క బల్బు కావాలి, పసుపు వెలుగుది, కాస్త పైనుంచి పడేది. నాణేన్ని అంచులతో పట్టుకుని ఆ వెలుగు కింద మెల్లగా వాల్చాలి. అప్పుడు వెండి మీద రెండు వెలుగురేకలు లేస్తాయి. నడుమ నుంచి అంచుదాకా, ఒకదానికొకటి ఎదురుగా. నాణేన్ని తిప్పితే అవీ తిరుగుతాయి. సేకర్తలు దీన్ని కార్ట్‌వీల్ అంటారు. ఆ చక్రం తిరగడం ఒక్కసారి చూసిన కన్ను ఆ తర్వాత ఏ నాణెం దొరికినా అందులో ఏడాదినో టంకశాల గుర్తునో చదవడానికి తొందరపడదు. ముందు చక్రాన్నే వెతుక్కుంటుంది.

మెరుగుపెడితే వచ్చే తళుకుకూ దీనికీ సంబంధం లేదు. వెండిబిళ్ల రెండు ఉక్కు అచ్చుల మధ్య నలిగే క్షణంలో లోహం నడుమ నుంచి అంచులవైపు పాకుతుంది. అలా పాకుతూ అచ్చు ముఖాన్ని కూడా సన్నసన్నగా గీస్తుంది. కొత్త అచ్చుతో కొట్టిన తొలి నాణేల్లో నేల అద్దంలా ఉంటుంది, వంగి చూస్తే మన ముఖం కనిపిస్తుంది. వాటిని ప్రూఫ్‌లైక్ అని విడిగా పిలుస్తారు, విడిగా ధర కడతారు. కొట్టగా కొట్టగా అచ్చు మీద కంటికి ఆనని గీతలు కిరణాల్లా పరుచుకుంటాయి. వెనక వచ్చే ప్రతి నాణెం వాటిని మోసుకొస్తుంది. వెలుగు ఆ గీతల మీద విరిగి చక్రమవుతుంది. అచ్చు అలిసిపోయేకొద్దీ నాణేనికి కాంతి చిక్కబడుతుందన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ మెరుపు మరింత ఆత్మీయంగా తోస్తుంది. ఎంత ఆత్మీయమో అంత సుకుమారం కూడా. నాలుగు చేతులు మారితే చాలు, జుట్టూ ముక్కూ చెక్కుచెదరకుండానే చక్రం మాయమవుతుంది.

ఈ వెలుగును అందరికంటే బాగా వాడుకున్నవాడు జార్జ్ టి. మోర్గన్. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో పుట్టి, 1876లో అమెరికా టంకశాల కొలువులో చేరాడు. అతని డాలరు 1878 మార్చి 11న ఫిలడెల్ఫియాలో తొలిసారి పడింది. స్వేచ్ఛాదేవి ముఖం కోసం అతను ఫిలడెల్ఫియా అమ్మాయి అన్నా విలియమ్స్‌ను ఎదుట కూర్చోబెట్టుకున్నాడు. పిల్లలకు చదువు చెప్పుకుంటూ బతికిన మనిషి ఆమె. ఆ ముఖంలో దేవత తక్కువ, మనిషి ఎక్కువ. గడ్డం బరువైనది. పెదవులు ముడిచి ఉంటాయి. మెడ దృఢంగా నిలబడి ఉంటుంది. తలకు టోపీ, దాని ముందు పట్టీ మీద స్వేచ్ఛ అనే అర్థమిచ్చే ఇంగ్లిషు మాట, ఆ పైన విచ్చిన పత్తికాయలు, గోధుమ ఆకులు. గుంటూరు, ఆదిలాబాద్ పత్తిచేలు చూసిన కన్ను ఆ కాయల్ని ఇట్టే పోల్చుకుంటుంది. దక్షిణాది పత్తిని, ఉత్తరాది గోధుమను ఒకే తల మీద తురిమాడు మోర్గన్. అంతర్యుద్ధం ముగిసి పదమూడేళ్లే అయిన దేశంలో ఆ అలంకారాన్ని ఊరికే పెట్టిన పువ్వులనుకోవడం నావల్ల కాదు.

చుట్టూ 13 నక్షత్రాలు, పైన లాటిన్ సూక్తి, జుట్టులో పాయలు పాయలుగా అలలు. ఇంత సందడి మధ్యలో ఏమీ చెక్కకుండా వదిలేసిన పెద్ద జాగా ఒకటుంది. అది చెంప. మోర్గన్ ప్రతిభ ఎక్కడుందని అడిగితే నేను అక్కడ వేలుపెట్టి చూపిస్తాను. కంటి కింద మొదలై దవడదాకా జారే ఆ నునుపు మీద వెలుగు ఎక్కడా ఆగదు, ఎక్కడా తడబడదు. జుట్టులో చిక్కుకున్న మెరుపంతా అక్కడికొచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. బొరుసు వైపు గద్ద అంత గొప్పగా కుదరలేదు. రెక్కలు చాచిన తీరులో కాస్త బిగువు, రొమ్ములో కాస్త సన్నదనం ఉన్నాయి. మొదట తోకకు ఎనిమిది ఈకలు పెట్టి, వెంటనే ఏడుకు తగ్గించారు. అయినా బొమ్మ వైపు ఆ చెంప ఉండగా గద్ద లోపాలు నన్ను బాధపెట్టవు.

ఆ చెంప మనదాకా చెక్కుచెదరకుండా రావడానికి కారణం ఒక విచిత్రమైన రాజకీయం. నెవాడాలోని కామ్‌స్టాక్ గనులు వెండిని కుమ్మరిస్తున్నాయి. 1873 చట్టమేమో వెండి డాలరును ఆపేసింది. గనులవాళ్లు, అప్పుల్లో మునిగిన రైతులు గగ్గోలు పెట్టారు. 1878 ఫిబ్రవరిలో బ్లాండ్-అలిసన్ చట్టం వచ్చి, నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టి తీరాలంది. ఒక్కో డాలరు 26.73 గ్రాములు, 38.1 మిల్లీమీటర్ల వెడల్పు, పదింట తొమ్మిది పాళ్లు వెండి. జేబుకు బరువు. తూర్పు రాష్ట్రాలవాళ్లు కాగితం నోట్లే చాలన్నారు. కొట్టిన నాణేలను వెయ్యేసి చొప్పున గుడ్డసంచుల్లో కట్టి ఖజానా నేలమాళిగల్లో పేర్చారు. అవి దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయాయి. జనం వద్దన్నందువల్లే ఆ వెలుగు అరగకుండా మిగిలింది.

సంచిలో ఉండిపోయిన నాణేనికి అరుగుదల లేదు గానీ గాయాలున్నాయి. ఇరవై ఏడు కిలోల సంచిని ఎత్తిపెట్టినప్పుడల్లా నాణెం నాణేన్ని కొరికింది. జుట్టులో పడ్డ గాటు జుట్టులో కలిసిపోతుంది. చెంప మీది గాటుకు దాక్కునే చోటు లేదు. అందుకే మోర్గన్ డాలరు ధర చాలావరకు చెంప మీదే తేలుతుంది. శిల్పి ఏ జాగాను అందం కోసం ఖాళీగా వదిలాడో, వెల కట్టేవాడి కన్ను కూడా సరిగ్గా అక్కడే ఆగడం నాకు ఈ విద్యలో అన్నిటికంటే నచ్చిన విషయం.

1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం తయారుచేశాడు. అదే పాకి పాకి వెండికీ బంగారానికీ వచ్చింది. 60, ఆ పైన ఉన్నవి చెలామణికి వెళ్లనివి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలై, నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇవ్వసాగాక ఆ అంకెలే అంగడి మాటలయ్యాయి. 63, 64, 65 మూడూ మామూలు కంటికి కొత్త నాణేలే. అలవాటుపడిన కంటికి మాత్రం 63లో చెంప మీద గీతలు మాట్లాడుతుంటాయి, 65లో అవి సద్దుమణిగి వెలుగు ఒక్కటే మాట్లాడుతుంది. అచ్చు ఎంత నిండుగా దిగింది, గాట్లు ఎక్కడ పడ్డాయి, చక్రం ఎంత బలంగా తిరుగుతోంది, మొత్తం మీద కంటికి ఇంపుగా ఉందా లేదా అన్న నాలుగు ప్రశ్నలకు కలిపి ఒక్క అంకె. నాలుగో ప్రశ్నకు ఏ యంత్రం దగ్గరా జవాబు లేదు. రసజ్ఞత అనే మాటను మనం సంగీతానికీ పద్యానికీ దాచుకున్నాం. నాణేలకు అంకె వేసే బల్ల ముందు కూర్చున్నవాళ్లు రోజంతా చేసే పని కూడా అదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టిన రెండు ఏడాదుల నాణేలు చూడండి. 1881-ఎస్ కోటీ ఇరవై ఏడు లక్షలకు పైగా పడింది. సంచులు సంచులుగా మిగిలింది. మోర్గన్ డాలర్లలో కొత్తగా దొరికే అతి చవకైన వాటిలో అదొకటి, అతి అందమైన వాటిలో కూడా అదొకటి. చెవి మీది పాయలు పోగు పోగుగా తెలుస్తాయి. అదే న్యూఆర్లీన్స్‌లో పడిన చాలా నాణేల్లో చెవి మీది జుట్టు, గద్ద రొమ్ము చప్పబడి ఉంటాయి, ఒక్క చెయ్యీ తాకకపోయినా. ఇక 1884-ఎస్ కథ వేరు. 32 లక్షలు కొట్టారు, దాదాపు అన్నీ చెలామణిలోకి వెళ్లిపోయాయి. అరిగిన 1884-ఎస్ అందరికీ అందుబాటులో ఉంటుంది. చక్రం తిరిగే 1884-ఎస్ మాత్రం కొద్దిమంది కోటీశ్వరుల సొత్తు. రెంటిలోనూ వెండి ఒకటే, ముఖం ఒకటే. తేడా అంతా ఆ కంటికానని గీతల్లో ఉంది.

ఎన్ని కొట్టారన్న లెక్క ఒక్కటీ చూసి వెల కట్టేవాడు కార్సన్ సిటీ దగ్గర బోల్తా పడతాడు. కామ్‌స్టాక్ గనుల పక్కనే 1870లో తెరిచిన చిన్న టంకశాల అది. గద్ద కింద రెండు సీ అక్షరాలు దాని గుర్తు. 1881-సీసీ డాలర్లు 2,96,000 పడితే, 1889-సీసీ 3,50,000 పడ్డాయి. తక్కువ పడినది ఖరీదెక్కువ ఉండాలి కదా? కానీ 1970ల్లో అమెరికా ప్రభుత్వం తన దగ్గర మిగిలిన కార్సన్ సిటీ నాణేలను టపాలో అమ్మకానికి పెట్టినప్పుడు, 1881-సీసీలు దాదాపు సగం ఆ సంచుల్లోంచే బయటపడ్డాయి. 1889-సీసీ ఒక్కటంటే ఒక్కటి దొరికింది. ఇంకా ముందు, 1962లో న్యూఆర్లీన్స్ నాణెం 1903-ఓ కు ఇలాంటిదే జరిగింది. అపురూపమని పేరుపడ్డ ఆ నాణెం ఖజానా సంచుల్లోంచి గుట్టలుగా రావడంతో ధర కుప్పకూలింది. ఆ ఏడాది ముందూ తర్వాతా దాని చెంప మీద వెలుగు ఒక్క తీరుగానే తిరిగి ఉంటుంది.

చెలామణికి కొట్టి నేటికీ దొరికేవాటిలో అన్నిటికంటే తక్కువ పడినది 1893-ఎస్, సరిగ్గా లక్ష. నకిలీలు కూడా దానికే ఎక్కువ. మామూలు 1893 నాణేనికి ఎస్ అక్షరం అతికించినవి, పోతపోసినవి రకరకాలుగా తిరుగుతుంటాయి. అసలు నాణేల బొమ్మ వైపు కొట్టిన అచ్చు మీద తలపట్టీలోని టీ అక్షరం పైభాగాన ఒక సన్నటి గీత ఉండేది. దాన్ని భూతద్దంలో వెతికి గాని ఎవరూ డబ్బు తీయరు. గీటురాయి మీద గీసి చూసే మన కంసాలి పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ గీటే నాణేన్ని పాడుచేస్తుంది. తూకం వేస్తారు, వెడల్పు కొలుస్తారు, నీటిలో తూచి సాంద్రత 10.3 దరిదాపుల్లో ఉందా అని చూస్తారు.

ఇంత చెప్పాక మన దేశానికి నేరుగా సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో భారతదేశంలో వెండికి కరువొచ్చింది. నోట్లు పట్టుకుని జనం వెండి రూపాయలడిగారు. ఇవ్వడానికి సర్కారు దగ్గర వెండి లేదు. బ్రిటన్ అమెరికాను అడిగింది. నెవాడా సెనెటర్ కీ పిట్‌మన్ పేరుమీద 1918 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం ఖజానాలోని డాలర్లను కరిగించడానికి వీలిచ్చింది. 27,02,32,722 డాలర్లు మూసలోకి వెళ్లాయి. అందులో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి, దగ్గర దగ్గర 20 కోట్ల ట్రాయ్ ఔన్సులు, బ్రిటన్‌కు అమ్మారు. అది మన టంకశాలలకు చేరి ఐదో జార్జి రూపాయలైంది. ఒక డాలరులోని వెండితో రెండు రూపాయలు కొట్టి ఇంకా కొంచెం మిగుల్చుకోవచ్చు. మన ఇళ్లలో అమ్మమ్మల పెట్టెల అడుగున 1918, 1919 నాటి రూపాయి బిళ్లలు ఇప్పటికీ దొరుకుతుంటాయి. ఆ రాజుగారి ముఖం కింద అన్నా విలియమ్స్ చెంప కరిగి ఉండవచ్చు.

ఏ ఏడాది నాణేలు ఎన్ని కరిగాయో విడివిడిగా లెక్క రాసిపెట్టలేదు. కాబట్టి పుస్తకాల్లో ఎన్ని కొట్టారన్నది తెలుస్తుంది, ఎన్ని బతికాయన్నది తెలియదు. సేకర్తకు మిగిలిన దారి కన్నొక్కటే. 1895లో ఫిలడెల్ఫియా మామూలు చెలామణికి 12,000 డాలర్లు కొట్టినట్టు లెక్కల్లో ఉంది, ఒక్కటీ కనబడదు. సేకర్తల కోసం అద్దంలా కొట్టిన 880 ప్రూఫ్ నాణేలే ఆ ఏడాదికి గుర్తుగా మిగిలాయి.

కరిగించిన డాలర్లకు బదులు మళ్లీ కొట్టాలని అదే చట్టం చెప్పింది. 1921లో మోర్గన్ డాలరు తిరిగొచ్చింది. కానీ పాత మూల అచ్చులను 1910లోనే నాశనం చేశారు. కొత్తగా చేసినవి లోతు తక్కువ. 1921 డాలరు పక్కన 1881-ఎస్ పెట్టి చూస్తే, ఒకే ముఖాన్ని పాడిన ఇద్దరిలో ఎవరికి శ్రుతి కుదిరిందో ఇట్టే తెలుస్తుంది. ఆ ఏడాది డిసెంబరు చివర్లో ఆంటోనీ డి ఫ్రాన్సిస్కీ గీసిన పీస్ డాలరు వచ్చింది. తన భార్య టెరీసాను చూసి చేసిన ముఖం, తలచుట్టూ కిరణాలు, కొద్దిగా విచ్చిన పెదవులు. ఆ తొలి ఏటివి పది లక్షల పైచిలుకు, ఎత్తైన ఉబ్బుతో వచ్చాయి. అంత ఎత్తుకు లోహం నిండడం కష్టమై నడిమి జుట్టు సరిగా దిగలేదు. 1922లో ఉబ్బు తగ్గించారు. తగ్గించాక అది మంచి నాణెంగానే మిగిలింది, శిల్పంగా మాత్రం చాలా పోగొట్టుకుంది. 1921ది చప్పబడిన జుట్టుతోనైనా సరే నాకు కావాలి.

రంగు పట్టిన వెండి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. గాలిలోని గంధకం వెండితో కలిసి పలచటి పొర కడుతుంది. ఆ పొర మందం మారేకొద్దీ వెలుగు రంగులుగా విడిపోతుంది. మొదట లేత బంగారం, తర్వాత ఎర్రజాయ, ఆపైన నీలం, ఇంకా ముదిరితే పసుపు, గులాబీ, ఆకుపచ్చ. ఖజానాలో సంచి గుడ్డకు ఆనుకుని ఏళ్లతరబడి ఉన్న డాలరు మీద ఈ రంగులు నెలవంకలా పడతాయి. గుడ్డ తాకినంత మేర ఇంద్రధనుస్సు, పక్క నాణెం కప్పినంత మేర తెల్లటి వెండి. ఆ రంగుల అడుగున కూడా చక్రం తిరుగుతుంటే, ఒకేసారి రెండు వెలుగులు కనిపిస్తాయి. కదిలేది ఒకటి, కదలనిది ఒకటి. ఇలాంటి నాణేనికి అంకె చెప్పే ధరకు ఎన్నో రెట్లు ఇచ్చేవాళ్లున్నారు. వాళ్లను నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. రసాయనాలతో, పొయ్యిసెగతో రంగులు తెప్పించి మోసంచేసేవాళ్లూ ఉన్నారు. ఆ రంగు నాణెం పైన తేలుతుంది, లోపల వెలుగుతో కలవదు.

మన ఇళ్లలో వెండి నల్లబడితే విభూతి పెట్టి తోమేస్తాం. కుంకుమభరిణెకు ఆ తోముడు మేలే చేస్తుంది. డాలరును అలా తోమితే అది చచ్చిపోయినట్టే. మచ్చతో పాటు కిరణాల గీతలూ పోతాయి. మిగిలేది తెల్లటి తళుకు, ఎటు తిప్పినా ఒక్కలా మెరిసే తళుకు. ద్రావకంలో ముంచి తీయడం అంత ఘోరం కాదంటారు గానీ, మళ్లీ మళ్లీ ముంచితే అదీ వెలుగును తినేస్తుంది. తోమిన నాణెం ధర సగానికీ, ఇంకా కిందికీ పడుతుందంటే అంగడి కఠినంగా ఉన్నట్టు కనిపించవచ్చు. నాకు అది న్యాయంగానే కనిపిస్తుంది.

డాలరును ఇంత పొగిడి, చిన్న నాణేల దగ్గరికి వచ్చేసరికి నా మనసు మారుతుంది. 1916లో అమెరికా మూడు వెండి నాణేలకు ఒకేసారి కొత్త రూపాలిచ్చింది. డైము, హాఫ్ డాలరు అడాల్ఫ్ వైన్‌మన్‌వి, క్వార్టరు హెర్మన్ మెక్‌నీల్‌ది. క్వార్టరులో నిలబడ్డ స్త్రీ హుందాగా ఉంటుంది, కానీ ఏడాది అంకెలు ఎత్తుగా ఉండి త్వరగా అరిగిపోయేవి. 1925లో వాటిని గుంటలోకి దించాల్సి వచ్చింది. డైము మీద రెక్కల టోపీ పెట్టుకున్న అమ్మాయిని జనం మెర్క్యురీ దేవుడనుకుని ఆ పేరే ఖాయం చేశారు. వేలిగోరంత జాగాలో ఆ మెడ వంపు అద్భుతం.

అయితే వాకింగ్ లిబర్టీ హాఫ్ డాలరు ఈ మూడిట్లోనే కాదు, నా లెక్కలో అమెరికా వెండి మొత్తంలో తలమానికం. 30.6 మిల్లీమీటర్ల బిళ్ల, 12.5 గ్రాములు. స్వేచ్ఛ అందులో నిలబడదు, కూర్చోదు, నడుస్తుంది. ఒంటి మీద జెండా కప్పుకుని, ఒక చేతిలో లారెల్, ఓక్ కొమ్మలు పొదివిపట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి, కింద మూలన ఉదయిస్తున్న సూర్యుడివైపు పెద్ద అంగలేస్తుంది. గాలి ఎదురుగా వీచి చీరకుచ్చెళ్ల వంటి మడతలను వెనక్కి తోస్తుంది. ఆ మడతల గీతలన్నీ కాళ్ల నుంచి వెనక్కి పారుతుంటే, సూర్యకిరణాలు అటునుంచి వాటికి ఎదురొస్తాయి. ఫ్రాన్సు నాణేల మీద ఆస్కార్ రోటీ చేసిన విత్తులు చల్లే స్త్రీకి ఇది చెల్లెలని విమర్శకులంటారు. నిజమే కావచ్చు. అయితే రోటీ స్త్రీ పొలంలో పనిచేస్తోంది, వైన్‌మన్ స్త్రీ ఎక్కడికో వెళుతోంది. బొరుసు వైపు గద్ద బండ మీద కూర్చుని, రాతి పగులులో మొలిచిన పైన్ మొక్క పక్కన రెక్కలు సగం విప్పి ఉంటుంది. మోర్గన్ గద్దకు లేని బరువు దీనికుంది.

టంకశాలకు మాత్రం ఈ అందం పెద్ద ఇబ్బంది. కొమ్మలు పొదివిన ఆ ఎడమచెయ్యి, తల రెండూ చాలా నాణేల్లో చప్పగా దిగాయి. బొమ్మ, బొరుసు రెండువైపులా ఒకే చోట ఉబ్బు ఎక్కువైతే లోహం చాలదు. బొటనవేలు విడిగా తెలిసే నాణెం దొరికితే సేకర్త పొంగిపోతాడు. 1947 దాకా ఇవి పడ్డాయి. 1986లో మొదలైన అమెరికన్ సిల్వర్ ఈగిల్ మీద మళ్లీ ఇదే బొమ్మ పెట్టారు. 40.6 మిల్లీమీటర్లకు పెంచిన ఆ పెద్ద బిళ్ల మీద గీతలన్నీ స్పష్టంగా ఉంటాయి. నాకు మాత్రం పాత అర డాలరులోనే అడుగు బిగువుగా పడినట్టనిపిస్తుంది.

1965 చట్టం డైముల్లోంచీ క్వార్టర్లలోంచీ వెండిని తీసేసింది. అంతకుముందరి అరిగిన నాణేలను అమెరికా దుకాణాల్లో తొంభై శాతం వెండి అని పిలిచి, ఆ రోజు వెండి ధరను బట్టి అమ్ముతారు. ఒక డాలరు ముఖవిలువకు, అంటే రెండు అర డాలర్లకు, 22.5 గ్రాముల శుద్ధ వెండి అన్నది దాని మూలసూత్రం. అరుగుదలకు కాస్త తీసేస్తారు. అలా అమ్మే నాణేల పళ్లెంలో వాకింగ్ లిబర్టీలు కలగలిసి పడి ఉంటాయి. వ్యాపారి వాటిని తూకానికే ఇస్తాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఈ విద్య మొదలుపెట్టాలనుకునే మనవాళ్లకు నేను చెప్పేది అక్కడినుంచే మొదలుపెట్టమని. 1917 నుంచి 1930ల దాకా ఉన్నవి బాగా అరిగి, మడతలు పోయి, నీడబొమ్మల్లా ఉంటాయి. అయినా ఆ అంగ మాత్రం పోదు. 1940ల నాటివి ఏరుకుంటే పాదాల దగ్గర మడతలు ఇంకా లెక్కపెట్టవచ్చు. ధర అన్నిటికీ ఒకటే కాబట్టి తొందరపడనక్కర్లేదు. జెండాలో నక్షత్రాలు తెలుస్తున్నాయా, చాచిన చెయ్యి చివర వేళ్లున్నాయా, ఎవరైనా తోమి పెట్టారా అన్నవి చూసుకుంటూ, దుకాణంవాడు విసుక్కోనంతసేపు ఏరండి.